పొగలు కక్కుతున్న టీ

మా ఇంట్లో రాసేవాళ్లం ముగ్గురం. చదివేది అమ్మ ఒక్కతే. అందుకని ఇంట్లో అందరికంటే అమ్మకే గిరాకీ ఎక్కువ.

నాన్నది తాళాల కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. తాళంచెవులు కోసి, పాడైన తాళాలు విప్పి, బేరం లేనప్పుడు బల్ల మీది ఇత్తడి పొడి ఉఫ్ మని ఊదేసి, అక్కడే కాగితాలు పరుచుకుని అపరాధ పరిశోధన కథలు రాసేవాడు. వారపత్రికలో ఏడాదికొక సీరియల్ ఆయనది. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మాతోనే ఉంటాడు. బస్సు కండక్టరు. ఆయనవన్నీ మాయలూ, మంత్రాలూ, మాట్లాడే అద్దాలూ. పెళ్లి చేసుకోరా అంటే "నా రాకుమారి ఇంకా రాక్షసుడి గుహలోనే ఉందక్కా, విడిపించాలంటే సెలవు దొరకట్లేదు" అనేవాడు. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోజంతా జనం వేళ్లు పొడిచి, ఇంటికొచ్చి సైన్సు ఫిక్షన్ కథలు రాస్తాను.

నాన్న నా కథ ఒక్కటంటే ఒక్కటి చదవలేదు.

"శవం లేని కథేం కథే? ఉప్పులేని కూర" అనేవాడు.

"నీ శవాల మధ్య ఊపిరాడకే కదా నేను వేరే గ్రహానికి పోయింది" అనేదాన్ని నేను. నవ్వుతూనే అనేదాన్ని గానీ, మనసులో కలుక్కుమనేది. ఊళ్లో ఎవరు మెచ్చుకున్నా ఇంట్లో ఆ ఒక్క మనిషి చదవకపోతే లోటు లోటే.

అమ్మ మాత్రం ముగ్గురివీ చదివేది. కుట్టుమిషను తొక్కుతూ పక్కన పత్రిక తెరిచి పెట్టుకునేది. నాన్న సీరియల్ సగానికి వచ్చేసరికి, ఏదో ఒక రోజు భోజనం దగ్గర, వడ్డిస్తూ వడ్డిస్తూ నాన్న చెవిలో ఒక మాట అనేది. "గుమాస్తాయేగా?" అనో, "మరదలు" అనో. నాన్న నములుతున్నవాడల్లా ఆగి "ఊఁ" అనేవాడు. అంతే. పాఠకులందరూ చివరివారం దాకా జుట్టు పీక్కునేవాళ్లు, అమ్మ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు. "రాసేవాడికి తెలివి ఉండటం గొప్పేం కాదర్రా, ఆ తెలివిని కుట్టుమిషను తొక్కుతూ పట్టుకున్నదే, అదీ తెలివంటే" అని నాన్న కొట్టుకొచ్చినవాళ్లకల్లా చెప్పుకునేవాడు.

నాన్న ముగింపు ముందుగా ఎక్కడా రాసిపెట్టుకోడు. ఎవరికీ చెప్పడు. "గోడలకి చెవులుంటే ఉన్నాయి, కాగితాలకి కాళ్లుంటాయి" అంటాడు. హంతకుడు ఎవరన్నది ఆయన తలకాయలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఆ వానాకాలం మొదలవుతూనే ఆ తలకాయకి దెబ్బ తగిలింది.

మొదటి పెద్ద వానకి కొట్టు పైకప్పు కారి, నీళ్లు తాళంచెవుల మీద పడుతున్నాయని నాన్న స్టూలెక్కాడు. తడి స్టూలు. జారి, తాళంచెవులు కోసే మిషను అంచు మీద పడ్డాడు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి అమ్మని గుర్తుపట్టాడు, నన్ను గుర్తుపట్టాడు, మావయ్యని చూసి "నువ్వింకా డ్యూటీకి పోలేదా" అని కసిరాడు. హమ్మయ్య అనుకునేలోపు కిటికీ వైపు చూసి, "ఎండాకాలంలో ఇదేం వాన?" అన్నాడు.

డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి చెప్పాడు. పాతవన్నీ భద్రంగానే ఉన్నాయి, వేసవి ఒక్కటీ పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, భయపడాల్సిందేం లేదన్నాడు.

"పోతే పోయింది బావా" అన్నాడు మావయ్య మంచం దగ్గరికొచ్చి. "ఆ ఎండల్లో ఏం సుఖపడ్డాం గనక."

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. ఆ వేసవిలోనే నాన్న కొత్త సీరియల్ మొదలుపెట్టాడన్న సంగతి అప్పటికి మాలో ఎవరికీ తట్టలేదు.

అది ఎడిటర్ గారు ఫోను చేస్తే తట్టింది. పరామర్శలన్నీ అయ్యాక ఆయన అసలు సంగతికొచ్చారు. ముందుగా రాసి ఇచ్చిన భాగాలు కొన్ని వాళ్ల దగ్గరున్నాయట, వానలు వెనకబట్టేదాకా అవి సరిపోతాయట. ఆ తర్వాత చివరి భాగం కావాలి. హంతకుడు ఎవరో చెప్పమని పాఠకులకి పోటీ కూడా పెట్టేశారట.

నాన్న ఫోను చెవికి ఆనించుకుని, "అలాగేనండీ, అదెంత పని" అన్నాడు. ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు.

"ఏ సీరియల్?"

పాత సంచికలన్నీ, ఇంకా అచ్చుకాని భాగాల కంపోజు ప్రతులూ తెచ్చి మంచం మీద పోశాం. నాన్న పొద్దుటి నుంచి కూర్చుని తన సీరియల్ తనే చదివాడు, ఎవరో రాసింది చదువుతున్నట్టు. కథ ఒక పాత లాడ్జిలో జరుగుతుంది. లాడ్జి యజమాని లోపల గడియపెట్టిన గదిలో చచ్చిపడి ఉంటాడు. కాదు, గడియ కాదు, తాళం. తాళంచెవి లోపల బల్ల మీదే ఉంటుంది. అనుమానించడానికి ఐదుగురు: మేనేజరు, వంటమనిషి, పై గదిలో ఉండే వయొలిన్ టీచరు, డాక్టరు, చనిపోయినాయన మేనల్లుడు.

మధ్యాహ్నానికి నాన్న చివరి కాగితం కింద పెట్టేసి, మొహం వేలాడేసుకుని, "అందరూ తినేశారు" అన్నాడు.

"తిన్నామండీ, మీరే మిగిలారు. వడ్డించమంటారా?" అంది అమ్మ.

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మర్నాడు కొట్టు తియ్యలేదు. ఆ తర్వాతా తియ్యలేదు. తలకట్టు విప్పేశారు, నొప్పి లేదు, అయినా కొట్టులో తలుపు దగ్గరగా వేసుకుని, కోయని తాళంచెవి ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని నచ్చజెప్పబోయాను.

"పోయింది వేసవి ఒక్కటే కదా నాన్నా. తాళాల పని ఎక్కడికి పోతుంది, చిన్నప్పటి నుంచీ చేసిందేగా."

"ఏది పోయిందో పోగొట్టుకున్నవాడికి ఎలా తెలుస్తుందే?" అన్నాడు నాన్న. "నేనే కట్టిన చిక్కుముడి నాకే విప్పడం రాలేదు. రేపు ఎవరో తాళం తెస్తారు. విప్పుతాను. మళ్లీ బిగించేటప్పుడు ఏ స్ప్రింగు ఎక్కడిదో తెలియక నిలబడితే? ఎడిటర్‌కి చెప్పేస్తాను, నావల్ల కాదని. ఇక రాయనని కూడా చెప్పేస్తాను."

అంత మెత్తగా నాన్న మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కథ ఆగిపోతే పోనీ, దానికి అంత ఏడవాల్సిన పనిలేదు. కానీ ఈ కథ వదిలేస్తే నాన్న తాళాలూ వదిలేస్తాడని నాకు అర్థమైంది. అమ్మకి నాకంటే ముందే అర్థమైంది. వారంలోగా చెప్పమని ఎడిటర్ గారు అన్నారని అబద్ధమాడి, "ఈలోపు ఫోను ముట్టుకోవద్దు" అని నాన్నకి ఆంక్ష పెట్టింది.

వెనక గదిలో సంచికలు పరిచి మేం ముగ్గురం కూర్చున్నాం. డిటెక్టివులం అన్నమాట. మావయ్య యూనిఫారం కూడా విప్పలేదు.

"తేలిపోయింది" అన్నాడు మొదటి పేజీలోనే. "తాళం లోపల, చెవి లోపల. మనిషి బయటికి ఎలా పోతాడు? మనిషైతేగా! ఆ లాడ్జిలో పూర్వం ఎవరో ఉసురుమంటూ పోయి ఉంటారు."

"మావయ్యా, అది నాన్న కథ. దెయ్యాలు రావు."

"రాకపోతే రప్పిద్దాం కోడలు పిల్లా. ఇంత చక్కటి పాత లాడ్జి, ఒక్క దెయ్యం కూడా లేకపోతే దాని మొహం ఎలా ఉంటుంది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మాట్లాడకుండా సంచికలు అటూ ఇటూ తిప్పుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి సీరియల్ సగం దాటినా అమ్మ నాన్న చెవిలో ఏమీ అనలేదు. నాన్న పడకముందు కూడా అనలేదు.

"ఏమ్మా, ఎప్పుడూ నువ్వేగా ముందు చెప్పేది? ఈసారేమైంది?"

అమ్మ లేచి తలుపు వేసింది. మళ్లీ కూర్చుని, దొంగతనం చేసి దొరికిపోయినదానిలా మొహం పెట్టింది.

"మీ నాన్నకి చెప్పనని ఒట్టెయ్యండి ఇద్దరూ."

ఒట్టేశాం.

"నాకు తెలివీ లేదు, గిలివీ లేదు. మీ నాన్న హంతకుడికి తిండి పెట్టడు."

మాకు అర్థం కాలేదు.

"చూసుకోండి, ఏ కథైనా. అందరూ ఏదో ఒకటి తింటారు, తాగుతారు. హంతకుడు మాత్రం మొదటి నుంచి చివరి దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోడు. అన్నం పెట్టిన చేత్తో ఉరి వెయ్యడం ఇష్టం ఉండదు ఆయనకి. మనసు అంత మెత్తన. తను అలా రాస్తున్నానని ఆయనకే తెలీదు పాపం. నేను ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని చూసుకుంటూ పోతాను, అంతే."

మావయ్య నోరు తెరిచాడు. "అక్కా! ఇన్నాళ్లూ నువ్వు మా అందరి ముందూ..."

"మరి చెప్తే ఆయన మానేస్తారు. మానేస్తే నేను ఎలా గెలవను?" అంది అమ్మ, గెలవడమన్నది తన హక్కు అన్నంత ధీమాగా. అంతలోనే గొంతు దిగిపోయింది. "ఈసారి మాత్రం నాకు అందట్లేదే. ఐదుగురూ తాగారు. ఒక్కళ్లూ మిగల్లేదు."

మళ్లీ మొదటి నుంచి చదివాం. నిజమే. మేనేజరు భోజనం చేశాడు. డాక్టరు రొట్టె తిన్నాడు. వంటమనిషి దగ్గర కాస్త గొడవైంది.

"రుచి చూశాడని ఉంది. రుచి చూస్తే తిన్నట్టేనా?" అన్నాడు మావయ్య.

"గరిటెడు చూశాడు. నువ్వు రుచి చూస్తానని గిన్నె ఖాళీ చేస్తావు, అది తినడం కాకపోతే ఏంటి?" అంది అమ్మ. వంటమనిషిని వదిలేశాం.

మేనల్లుడు టీ తాగాడు. వయొలిన్ టీచరు రెండు చోట్ల తాగింది. అందరూ తాగారు. పోలీసు ఇన్‌స్పెక్టరైతే ఎక్కడ కూర్చుంటే అక్కడ తాగాడు.

ఆ టీల దగ్గరే నాకు ఏదో అడ్డుపడింది. చదివిన వాక్యమే మళ్లీ చదివాను. "పొగలు కక్కుతున్న టీని ఒక్క గుక్కలో తాగాడు." ఇంకో సంచికలో కూడా అదే. "పొగలు కక్కుతున్న టీ."

"అమ్మా, నాన్న టీకి ఎప్పుడైనా పొగలొచ్చాయా?"

"మీ నాన్న టీ చల్లారితే గానీ ముట్టుకోడుగా."

"కథల్లో సంగతి అడుగుతున్నాను."

అమ్మ ఆలోచించింది. నాన్న కథల్లో ఏ వస్తువుకీ విశేషణం ఉండదు. 'టీ తాగాడు' అంటాడు, పక్క వాక్యంలోకి పోతాడు. వేడిగా ఉందో చల్లగా ఉందో ఆయనకి అక్కర్లేదు. పైగా పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో తాగితే ఆ మనిషి తర్వాతి వారం సంచికలో మాట్లాడగలడా? అలాంటిది నాన్న రాయడు.

ఇందులో ఇంకెవరిదో చెయ్యి ఉంది.

ల్యాబుకి సగం రోజు సెలవు పెట్టి పత్రిక ఆఫీసుకి వెళ్లాను. పేజీలు తయారుచేసే గది మేడ మీద. కంప్యూటరు ముందు ఒక లావుపాటి అక్క కూర్చుని ఉంది. ఈ ఏడాదే కొత్తగా చేరిందట, ఆఫీసంతా ఆవిడని పేజీలక్క అంటున్నారు. పక్కన కప్పులో టీ మీగడ కట్టి ఉంది. నాన్న కూతురినని చెప్పగానే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"మాస్టారికి ఎలా ఉందమ్మా? ఆయన సీరియలంటే నాకు ప్రాణం."

"బాగానే ఉన్నారక్కా. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నాన్న రాసినదాంట్లో మీరేమైనా కలుపుతారా?"

ఆవిడ ఇటూ అటూ చూసింది.

"పాపం చేస్తానా, పుణ్యం చేస్తానా? మరి పేజీ కింద రెండు లైన్లు తగ్గితే ఏం చెయ్యమంటావు? నా ముందున్నాయన చిన్న పువ్వు బొమ్మ పెట్టి ఊరుకునేవాడట. నాకా పువ్వులు చూస్తే ఒళ్లు మంట. ఖాళీ వదిలితే ఎడిటర్ గారు నన్ను నమిలేస్తారు. అందుకని ఎవరో ఒకరికి టీ ఇప్పిస్తాను. కథ చెడదు, మనిషికీ మంచిదేగా."

"లైన్లు ఎక్కువైతే?"

"కథలో వాన ఆపేస్తాను."

నాకు నవ్వు ఆగలేదు. ఎవరెవరికి ఇప్పించారో గుర్తుందా అని అడిగితే, ఎలా గుర్తుంటుంది అంది. నాన్న రాసిచ్చిన కాగితాలు కంపోజు కాగానే చిత్తుబుట్టలోకి పోతాయి, తను దిద్దిందే కంప్యూటర్లో మిగులుతుంది.

"కానీ నా టీ ఎక్కడున్నా నేను గుర్తుపడతాను" అంది. "ఈ కుర్చీలో నేను వేడి టీ తాగి ఎరుగుదునా? ఒక్కరోజూ లేదు. కనీసం వాళ్లయినా తాగనీ అని, పొగలు కక్కించే ఇస్తాను."

ఇకమీద కలపొద్దంటే కారణం అడగకుండానే మాటిచ్చింది కూడా. "మీ నాన్నగారి దాంట్లో ఇంకెవరికీ చుక్క కూడా పొయ్యనులే తల్లీ."

ఇంటికొచ్చి, పొగలు కక్కుతున్న టీలన్నీ కొట్టేశాం. మేనల్లుడికి నాన్న పెట్టిన అన్నం ఒకచోట ఉంది. వయొలిన్ టీచరు దగ్గర రెండు టీలూ పొగలు కక్కుతున్నవే. కొట్టేస్తే ఆవిడకి ఇక ఏమీ మిగల్లేదు. ఇంత పెద్ద సీరియల్లో ఆవిడ కడుపులో నాన్న చుక్క నీళ్లు కూడా పొయ్యలేదు.

"ఆవిడే!" అంది అమ్మ చేతులు చరిచి. చాలా వారాల తర్వాత అమ్మ మొహంలోకి అమ్మ వచ్చింది.

"దెయ్యమైతే బాగుండేది" అన్నాడు మావయ్య.

పేరు దొరికింది గానీ ఒక్క పేరుతో కథ ముగియదు. ఆవిడ ఎలా చేసిందన్నది కావాలి. ఒట్టేశాను గనక తిండి సంగతి నాన్న ముందు ఎత్తడానికి లేదు. అసలు ఎత్తకూడదనే నాకూ అనిపించింది. "నీ హంతకుడు ఫలానా" అని మేం తెచ్చి చేతిలో పెడితే తీసుకుంటాడు, థాంక్స్ కూడా చెప్తాడు, చెప్పి మళ్లీ గోడ వైపు తిరుగుతాడు. ఆయనకి కావలసింది జవాబు కాదు. అందుకని ఈసారి వయొలిన్ టీచరు కనిపించిన చోటల్లా నెమ్మదిగా, నా ల్యాబు కళ్లతో చదివాను.

నాలుగో భాగంలో దొరికింది. ఇన్‌స్పెక్టరు ఆవిడ గదికి వెళ్తాడు. ఆవిడ బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంటుంది. "ఏమైంది?" అంటే "వయొలిన్ తీగ కోసింది" అంటుంది. ఇన్‌స్పెక్టరు పక్క వాక్యంలోకి పోతాడు. మేమూ పోయాం. తీగ మీద ఆడేవి మిగతా వేళ్లు, బొటనవేలు వయొలిన్ మెడ కింద ఉంటుంది. రోజూ వందమంది వేళ్లు చూసేదాన్ని, నేను కూడా చూసుకోకుండా పోయాను. మరి బొటనవేలిని ఏది కోస్తుంది? అది తాళాల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని నన్ను ఎవరూ అడగక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం వాన జోరుగా ఉంది. నాన్న కొట్టులో, వేసిన తలుపు వెనకాల కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి మిషను ముందు కూర్చుని, కోయని చెవి ఒకటి బిగించి, గోడకి వేలాడుతున్న పాత తాళం చెవిని చూసి అలాంటిదే కోశాను. చిన్నప్పుడు నాన్నే నేర్పాడు. కోశాక ఆకురాయితో అంచులు నున్నగా రాయాలి. రాయలేదు. గరుగ్గా ఉన్నది ఉన్నట్టే నాన్నకి ఇచ్చాను.

"తిరుగుతుందేమో చూడు నాన్నా."

"నువ్వెందుకు కోశావు?"

"చేతులు ఊరుకోక."

నాన్న విసుక్కుంటూ తాళంలో పెట్టాడు. బిగుతుగా ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కి తిప్పాడు. తాళం ఊడింది. "స్స్" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంచు రాయకుండా ఎవరైనా చెవి ఇస్తారా? బుద్ధుందా నీకు? నేనిలాగేనా..."

ఆగిపోయాడు. బొటనవేలి మీద సన్నగా రక్తపు గీత. దాన్ని చూస్తూ ఉండిపోయాడు. పైకప్పు నుంచి ఒక చుక్క బల్ల మీద పడింది, ఇంకో చుక్క పడింది.

"ఆ వయొలిన్ టీచరు" అన్నాడు నెమ్మదిగా, "గుడ్డ ఏ వేలికి కట్టుకుంది?"

"బొటనవేలికి."

నాన్న వేలు నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి తీశాడు.

"బల్ల తుడు. కాగితాలు పట్రా."

"గుర్తొచ్చిందా నాన్నా?"

"గుర్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కనిపెట్టాను!" అన్నాడు. పడిపోయాక మొదటిసారి నాన్న గొంతు వీధిలోకి వినిపించేంత పెద్దగా వచ్చింది. "దొంగచాటుగా చేయించిన చెవి అది. నేర్చుకోనివాడు కోశాడు, అంచు రాయలేదు. అసలు చెవి లోపల బల్ల మీదే వదిలేసి, ఆ దొంగ చెవితో బయటి నుంచి తాళం వేసింది. చూశావా ఎంత గడుసుగా రాశానో! ఈ రాసినవాడెవడో గట్టివాడే."

లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తీశాడు. తాళం పట్టుకుని వానలో నిలబడ్డ మనిషి ఒకడు "ఇవాళ ఉన్నారా మాస్టారూ" అంటూ లోపలికి వచ్చాడు. ఆ మనిషి తాళం విప్పి, స్ప్రింగులన్నీ బల్ల మీద పోసి, మళ్లీ బిగించి ఇచ్చాకే నాన్న కలం పట్టాడు. ఒక్క స్ప్రింగు కూడా మిగల్లేదు. వెనకగది గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చివరి భాగం ఆ రెండు రోజుల్లోనే రాశాడు. మధ్యలో ఒకచోట ఆగి కాగితం నావైపు తోశాడు.

"ఇక్కడ ఆవిడ తను ఎందుకు చంపిందో చెప్పాలి. ఆడమనిషి కోపం నాకు సరిగ్గా కుదరదు. నువ్వు రాయి."

రాశాను. నాన్న చదివి, ఒక్క మాటా కొట్టెయ్యకుండా, తన కాగితాల మధ్యలో పెట్టేశాడు. ఆ రాత్రి నాకు ఆకలి కూడా వెయ్యలేదు. పత్రికలో అది వచ్చిన వారం ఎడిటర్ గారు ఫోను చేసి, ఆవిడ మాటలు చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నామని చెప్తే, "మా అమ్మాయి రాసింది" అన్నాడు నాన్న, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా.

వానలు వెనకబట్టాయి. ఒక సెలవురోజు భోజనానికి కూర్చుంటూ నాన్న నన్ను అడిగాడు.

"ఇప్పుడేం రాస్తున్నావు?"

"నీకు పనికొచ్చేది కాదులే. శవం లేదు."

"పట్రా, చూద్దాం. శవం లేకపోతే కనీసం దొంగతనమైనా ఉందా?"

దొంగతనం ఉంది. దూరపు గ్రహమొకటి, దాని మీద పరిశోధన చేసే చిన్న బృందం, వాళ్లకొక కెప్టెను, సాయంగా ఒక యంత్రం. దాచుకున్న నీళ్లు రోజురోజుకీ తగ్గిపోతుంటాయి. ఎవరు తీస్తున్నారో తెలీదు. నాన్న కంచం పక్కనే కాగితాలు పెట్టుకుని, ఎడం చేత్తో తిప్పుతూ చదివాడు. నేను ముద్ద కలిపి అలాగే కూర్చున్నాను. చివరి కాగితానికి ముందు ఆగి, దాన్ని బోర్లా పెట్టి, మిగతావి అమ్మకి ఇచ్చాడు.

"నువ్వు చెప్పు. ఎవరు?"

అమ్మ గబగబా చదివేసింది. ఎక్కడ చూడాలో తెలిసిన చదువు అది. చదివి, గరిటె పట్టుకుని, ధీమాగా అంది.

"ఆ యంత్రమే. అనుమానం అక్కర్లేదు."

"కాదమ్మా! కెప్టెను."

అమ్మ మొహం చూడాలి. నాకు తెలిసి మొదటిసారి ఓడిపోయింది. "కెప్టెనెలా అవుతాడే? శుభ్రంగా తింటూ తాగుతూ..." అని, నాలుక కరుచుకుంది.

నాన్న మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు మీ అమ్మది కాదు. నీది" అన్నాడు నాతో.

"నాదా?"

"అందరూ చుట్టూ కూర్చుని టీ తాగుతున్నారు. యంత్రాన్ని ఒక్కదాన్నీ ఊరికే నిలబెట్టావు. దాని చేతిలోనూ ఒక కప్పు పెట్టు. తాగకపోతే పోనీ, పట్టుకుని కూర్చుంటుంది. కెప్టెన్‌కి తీసెయ్. లేకపోతే మీ అమ్మ ఎలా కనిపెడుతుంది?"

మావయ్య ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. అప్పుడు నాకు, నాన్న సంచికలన్నీ చదివి గోడ వైపు తిరిగిన రోజు గుర్తొచ్చింది. అందరూ తినేశారు అన్నాడు. ఆయనా అదే వెతికాడు. ఒకే తాళానికి చెరొక చెవి చేయించుకుని, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నేళ్లూ దాచుకున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది అమ్మ.

"తెలియడమేంటి, నేను పెట్టిన గుర్తే అది. మొదటి సీరియల్లో నువ్వు ఓడిపోయావు. గుర్తుందా? మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రెండోదానికి జాగ్రత్తపడ్డాను."

"అంటే ఇన్నాళ్లూ నేను గెలిచింది..."

"గెలిచావు. గుర్తు పెట్టడమే నా పని. ఇంతమంది చదువుతారు, ఒక్కడైనా పట్టుకున్నాడా? పట్టుకుంది నువ్వొక్కదానివే."

అమ్మ కూరగిన్నె అందుకుంది. నాన్న కంచంలో కూర ఖాళీ కాకుండానే ఇంకో గరిటె వేసింది. ఆయన వద్దంటున్నా వినకుండా ఇంకొకటీ వేసింది.

ఆ సాయంత్రం నా యంత్రం చేతిలో ఒక కప్పు పెట్టాను. కెప్టెన్ కప్పు తీసేశాను. వేడిగా ఉందో చల్లగా ఉందో రాయలేదు. కవరు మీద నాన్న తన చేత్తో పత్రిక అడ్రసు రాసి ఇచ్చాడు.

అచ్చయిన రోజు అమ్మ పత్రిక తెచ్చి, కొట్టులో నిలబడి, పైకి చదవడం మొదలుపెట్టింది. అంతా బాగానే ఉంది. సరిగ్గా పేజీ కిందికి వచ్చేసరికి అమ్మ గొంతు తడబడింది. పేజీలక్క నాన్న సీరియల్‌కే మాటిచ్చింది గానీ, నా కథకి ఇవ్వలేదు కదా.

"పొగలు కక్కుతున్న టీని" అని చదివింది అమ్మ, "యంత్రం ఒక్క గుక్కలో తాగేసింది."

నాన్న నవ్వాడు. చేతిలో తాళం జారి, స్ప్రింగులన్నీ బల్లంతా దొర్లిపోయినా ఏరుకోకుండా, కళ్లల్లోంచి నీళ్లొచ్చేలా నవ్వాడు. తాళం తెచ్చినాయన ఎదురుగా నిలబడి ఏమీ అర్థంకాక చూస్తున్నాడు.

"మా అమ్మాయి కథ" అని ఆయనకి చెప్పాడు నాన్న. "కూర్చోండి, చదివి వినిపిస్తాను."